ఇరుసు తప్పు – టైరునకు శిక్ష

పిల్లవాని చెప్పు అరిగినప్పుడు తల్లి దానిని తిరగవేసి చూచును. మడమక్రింద ఒక అంచు మాత్రమే అరిగియున్నచో, వీడు పాదము ప్రక్కకు వంచి నడచుచున్నాడని గ్రహించును. అంతేకాని చెప్పులు కుట్టినవానిని తిట్టదు; క్రొత్తచెప్పులు కొన్నంతమాత్రమున నడక చక్కబడునని భ్రమపడదు. ఇంతటి వివేకము అక్షరము రాని యిల్లాండ్రకును కలదు. చదువుకొన్నవారమని పేరు పెట్టుకొన్న మేము ఏడుగురము ఒక పాఠశాలాసంఘముగా కూర్చుండి, ఆరుచక్రముల బస్సు విషయమున ఈ వివేకమును ఆరునెలలపాటు చూపలేకపోతిమి. ఆ కథ నాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను వ్రాయుచున్నాను. ఏలయన ఇందు నా తప్పు కలదు. ఆ తప్పు నా యొక్కనిదే కాదు.

మా పాఠశాలకు ఒక బస్సు కలదు. కాలువగట్టు వెంబడినున్న పల్లెలనుండి నలుబదిమంది పిల్లలను ఉదయము తెచ్చి సాయంకాలము దింపును. దినమునకు 90 కిలోమీటర్ల తిరుగుడు. జూన్ నెలలో పాఠశాల తెరచినప్పుడు ముందుచక్రములకు రెండు క్రొత్తటైర్లు వేయించితిమి. భాద్రపదము వచ్చునప్పటికి ఎడమచక్రపు టైరు వెలుపలి అంచున నున్నబడిపోయెను. సంఘము కూడెను. డ్రైవరు వేగముగా పోవుచున్నాడని ఒకరును, మలుపులలో టైరును గట్టునకు రాచుచున్నాడని మరియొకరును అనిరి. డ్రైవరును పిలిపించితిమి. ఏబదియేండ్లు దాటినవాడు, మితభాషి. తలుపుదగ్గర నిలుచుండియే యిట్లనెను:

"బండి ఎడంపక్కకి లాగుతోందండి. స్టీరింగు ఎప్పుడూ కుడికి పట్టుకునే ఉండాల్సొస్తోంది. కాస్త వదిలితే గట్టుమీదికి పోతది. ఒకసారి కింద చూపించండి."

అధ్యక్షులు నవ్విరి. "రోడ్డు అంచుకి వాలుగా ఉంటుందయ్యా, వాననీళ్లు పోవడానికి. మనం నడిపేది ఎడంపక్కన. బండి ఎడమకి లాగక ఎటు లాగుతుంది?" అనిరి.

ఆ మాట శాస్త్రసమ్మతముగానే యుండెను. రోడ్లకు వాలు కలదు. ఆ వాలున బండి కొంచెము అంచువైపు పోవుటయు కలదు. సగము నిజమగు మాటయే విచారణకు పెద్ద యడ్డుగోడ. మేమందరము ఆ గోడచాటున సుఖముగా కూర్చుంటిమి. కార్యదర్శిని నేను. డ్రైవరు అజాగ్రత్తవలన టైరు చెడినందున అతని జీతమునుండి నెలకు రూ. 2,000 మినహాయింపవలయునని తీర్మానపుస్తకమున వ్రాసినది నా చేయియే. "ఏమోయ్, ఇకనైనా జాగ్రత్తగా నడుపు" అని హితము చెప్పినదియు నేనే. అతడు నాకంటె పదియేండ్లు పెద్దవాడు.

పిమ్మట మా మనస్సాక్షి తృప్తికొరకు బస్సును పట్టణమున యంత్రముతో చక్రముల వరుస సరిచూచు దుకాణమునకు పంపితిమి. ఎలైన్‌మెంటనియందురు. అచ్చటివారు ముందువెనుకలు కలిపి చూచుటకు ఒక ధరయు, ముందుచక్రములు మాత్రమే చూచుటకు ఒక ధరయు చెప్పిరి. మేము తక్కువధరను కోరితిమి. ముందుచక్రములు సరిగానున్నవని యంత్రము కాగితము అచ్చువేసి యిచ్చెను. అది అబద్ధము కాదు. మేము అడిగినంతమట్టునకు అది సరియైన యుత్తరమే. అడుగనిదానిని యంత్రమేల చెప్పును? మరల రెండు క్రొత్తటైర్లు వేయించి, కాగితమును దస్త్రమున పెట్టి నిశ్చింతగా నుంటిమి.

మార్గశిరమున తుపానువాన పట్టినది. ఒక సాయంకాలము నేనును ఆ బస్సులో పోవుచుంటిని. పల్లెమలుపున ఒక దూడ అడ్డమువచ్చెను. డ్రైవరు బ్రేకు త్రొక్కెను. బస్సు ఆగుటకు మారుగా ఎడమవైపునకు జారిపోయెను. పిల్లలు ఒకరిపై నొకరు పడిరి. కాలువగట్టుమీది తుమ్మచెట్టునకు జేనెడు దూరమున చక్రము ఆగినది. చెట్టునకు అవతల నిండుకాలువ. ఎవరికిని దెబ్బ తగులలేదు. నేను దిగి, వానలోనే ఆ టైరును చూచితిని. మూడునెలల టైరు. వెలుపలి అంచున గాడి యను మాటయే లేదు.

టైరుపై గాడులు అలంకారమునకు కావు. రోడ్డుపై నిలిచిన నీరు ఆ గాడులవెంట తప్పుకొనిపోయినప్పుడే రబ్బరు రోడ్డును పట్టును. దారి లేనప్పుడు నీరు రబ్బరునకు రోడ్డునకు నడుమ నిలిచి పట్టు తప్పించును. గాడుల యడుగున అక్కడక్కడ 1.6 మిల్లీమీటర్ల యెత్తున చిన్న దిమ్మెలు పోతపోసియుందురు. అరుగుదల ఆ దిమ్మెలమట్టమునకు వచ్చినచో టైరు ఆయువు తీరినదని గుర్తు. ఇవన్నియు నేను పిమ్మట నేర్చికొన్నవి. ఆ సాయంకాలము నాకు తెలిసినది ఒక్కటే. నేను డ్రైవరు ముఖము చూచితిని. అతడు నా ముఖము చూడలేదు. "నేను చెబుతున్నది ఇదేనండి" అని మాత్రము మెల్లగా ననెను.

మరుసటి ఆదివారము నేనును డ్రైవరును బస్సును విజయవాడ ఆటోనగరునకు తీసికొనిపోతిమి. డ్రైవరు ఎరిగిన ఒక ముసలి మేస్త్రీ అక్కడ కలడు. నలుబదియేండ్లుగా లారీల క్రింద పరుండి బ్రతికినవాడు. మేము చెప్పునది వినుచునే అతడు ముందుచక్రముకడ చతికిలబడి, కన్నులతో చూచుటకు ముందు అరచేతిని టైరుపై నడిపించెను. తరువాత నావైపు తిరిగి, "మాస్టారూ, చెయ్యి ఇట్లా పెట్టండి" అనెను. నా చేతులు సుద్దముక్కకు అలవడినవి. కొంచెము సంకోచించి పెట్టితిని. అరచేయి వెలుపలనుండి లోపలికి పోవునప్పుడు నున్నగానుండెను. లోపలనుండి వెలుపలికి లాగినప్పుడు చిన్న రంపపుపండ్లు గీచుకొన్నట్లుండెను.

"టైరు మాట్లాడుతుందండి. మనమే వినం" అనెను మేస్త్రీ. ఆ దినమున అతడు చెప్పిన పాఠమును నా మాటలలో పొందుపరచుచున్నాను. ఇంటిలో కారున్నవారికిని, పిల్లలను బస్సులో పంపువారికిని ఇది అక్కరకు వచ్చును.

టైరు నడుమభాగము అరిగి అంచులు నిలిచియున్నచో గాలి ఎక్కువైనదని యర్థము; ఉబ్బిన పొట్టమీదనే బరువంతయు పడును. రెండంచులును అరిగి నడుమ నిలిచియున్నచో గాలి తక్కువ. గాలిని టైరు చల్లగానున్నప్పుడే కొలువవలెను. పరుగెత్తి వేడెక్కిన టైరు ఎక్కువ చూపి మోసగించును. ఒక్క అంచే అరిగినచో చక్రము నిటారుగా నిలువక ప్రక్కకు వాలియుండవచ్చును, లేదా నడచుదారికి ఏటవాలుగా తిరిగియుండవచ్చును. మొదటిదానిని కేంబరనియు, రెండవదానిని టో యనియు అందురు. వాలినచక్రము అంచును నున్నగా అరగదీయును; ఏటవాలుగా తిరిగిన చక్రము అరచేతికి తగులు రంపపుపండ్లను కూడ పుట్టించును. అక్కడక్కడ గుంటలుగా అరిగినచో కుదుపు నణచు సాధనము చెడినదో, బేరింగు వదులైనదో, చక్రపు తూకము తప్పినదో చూడవలెను. ఒకేచోట పెద్ద చదునుమచ్చ యున్నచో గట్టిబ్రేకువలన చక్రము తిరుగక ఈడ్వబడినదని తెలియును. వెనుక జంటచక్రములలో ఒకటి వ్యాసమున చిన్నదైనచో, రెండును ఒకే వేగమున తిరుగవలసియున్నందున చిన్నది రోడ్డుపై ఈడ్వబడి త్వరగా అరుగును; పెద్దది ఎక్కువబరువు మోసి అలసిపోవును. కావున ఆ జంటను సరిజోడుగా కూర్చవలెను.

తరువాత జాకీతో ముందుచక్రమును పైకెత్తెను. పైనను క్రిందను పట్టి ఊపెను. కదలికయున్నచో అది బేరింగుదో, చక్రము తిరుగుటకు ఆధారమైన కింగుపిన్నుదో కావచ్చును. బ్రేకు త్రొక్కించి మరల ఊపినప్పుడు కదలిక పోయినచో బేరింగుది, నిలిచినచో కింగుపిన్నుది. ఇంత సులభమైన పరీక్ష! ఈ బస్సులో కదలికయే లేదు. ఎడమ కుడి ప్రక్కలనుండి పట్టి ఊపెను. రెండుచక్రములను కలుపు టైరాడ్డు కొసలును గట్టిగానే యున్నవి. ముందుచక్రముల టో కొలిచెను. యంత్రము చెప్పినట్లే సరిగానుండెను.

నాకు నిరాశ కలిగినది. మేస్త్రీకి కలుగలేదు. అతడు కుడిచక్రమువైపు పోయి ఆ టైరుపై చేయి నడిపించి, "ఇదెవరూ చూడలేదా?" అనెను. మేము చూడలేదు. ఎడమటైరు బోడియగుచుండగా కుడిటైరును ఎవరు చూతురు? అది కూడ అరిగియుండెను, కొంచెము తక్కువగా. కాని లోపలి అంచున.

ఇక్కడ మేస్త్రీ నాకు చెప్పిన తర్కము ఏ న్యాయశాస్త్రగ్రంథమునకును తీసిపోదు. ముందుచక్రములు రెండింటికి నడుమ తగవున్నచో, అనగా రెండును లోపలికో వెలుపలికో తిరిగియున్నచో, రెండుటైర్లును ఒకే తీరున అరుగును: రెండును వెలుపల, లేక రెండును లోపల. అద్దములో ప్రతిబింబమువలె నుండును. ఇచ్చట ఎడమటైరునకు వెలుపలి అంచును, కుడిటైరునకు లోపలి అంచును అరిగినవి. వెలుపల, లోపల యను మాటలు మనలను మోసపుచ్చుచున్నవి. నిజమునకు రెండుటైర్లును తమ ఎడమయంచుననే అరిగినవి. రెండింటిని ఎడమకు ఈడ్చుచున్న బలమేదో ఒక్కటే కలదు. అట్టి బలము వానినడుమ లేదు. "ముందువాళ్ల తప్పు కాదండి. వెనకనించి ఎవరో తోస్తున్నారు" అనెను మేస్త్రీ.

అప్పుడు ముందుచక్రములను తిన్నగా నిలిపి, నాలుగు మూలలను చక్రముల నడిబొడ్డులనుండి దారమునకు కట్టిన గుండును వ్రేలాడదీసి, అది నేలకు తగులుచోట సుద్దతో గుర్తులు పెట్టెను. బస్సును ముందుకు జరిపించి ఆ గుర్తుల నడుమ కొలిచెను. నేలమీద నాకు తెలిసిన క్షేత్రగణితమే కనబడినది. ఎడమప్రక్క ముందుగుర్తునకు వెనుకగుర్తునకు నున్న దూరమును, కుడిప్రక్క దూరమును సమానముగా నుండవలెను; ఎదురుమూలలను కలుపు రెండు కర్ణములును సమానముగా నుండవలెను. కుడిప్రక్క 14 మిల్లీమీటర్లు ఎక్కువగా నుండెను. వెనుకయిరుసు తిన్నగా లేదు. దాని కుడికొస వెనుకకు జరిగిపోయినది.

ఇరుసు అట్లు వంకరగా నున్నప్పుడు వెనుకచక్రములు తిన్నగా పోక కుడికి పోగోరును. బస్సు వెనుకభాగము కుడికి పోయినచో ముఖము ఎడమకు తిరుగును. డ్రైవరు దానిని నిలుపుటకు స్టీరింగును కుడికి పట్టుకొనవలెను. వెనుకయిరుసునకు డ్రైవరుచేతులకు జరుగు ఈ పెనుగులాటలో నలిగిపోవునవి ముందుటైర్లు. 14 మిల్లీమీటర్లనగా పిల్లవాని చిటికెనవ్రేలి వెడల్పు. అంతమాత్రమునకేనా యీ యనర్థమని నేనడిగితిని. మేస్త్రీ, "లెక్కలు మీకే తెలియాలి మాస్టారూ" అనెను. సుద్దతో నేలమీదనే లెక్క వేసితిని. గుర్తుల నడుమ వెడల్పు సుమారు 2 మీటర్లు; కావున వంకర మీటరునకు 7 మిల్లీమీటర్లు. అనగా కిలోమీటరునకు 7 మీటర్లు. దినమునకు 90 కిలోమీటర్లు నడచు బస్సు వెనుకచక్రములు, తమ యిష్టమునకు వదలినచో, 630 మీటర్లు ప్రక్కకు పోవలెను! ఆ 630 మీటర్లను దినదినమును ఆపుచున్నది ఒక మనుష్యుని కుడిచేయి. అతని జీతములోనే మేము కోత పెట్టితిమి.

సంస్కృతమున చక్రపునడిమి రంధ్రమునకు 'ఖ'మను పేరు కలదు. 'సు' యనగా మంచి. ఇరుసునకు సరియైన రంధ్రము కలది యనుటయే సుఖశబ్దమునకు మొదటి యర్థమని చెప్పుదురని మోనియర్ విలియమ్స్ తన నిఘంటువున వ్రాసియున్నాడు. ఋగ్వేదమున ఆ శబ్దము రథమునకు విశేషణముగా వచ్చును. వేరు వ్యుత్పత్తి చెప్పువారును కలరు. నేను ఇరువదియేండ్లుగా ఈ విషయమును తరగతిలో చెప్పి, పిల్లలు ఆశ్చర్యపడగా సంతోషించుచుంటిని. ఇరుసు చక్కగానున్నచో సుఖము, చెడినచో దుఃఖము. చెప్పుట తెలిసినది, బస్సుక్రిందకు వంగి చూచుట తెలియలేదు. మన చదువున కున్న పెద్దజబ్బు ఇదియే యని నాకు తోచినది.

ఇరుసు ఏల జరిగినది? మేస్త్రీ క్రిందికి దూరి, లైటు వేసి, నన్నును రమ్మనెను. బట్టలు మాసినను పోతిని. వెనుకయిరుసు కమానుకట్టల క్రింద నుండును. కమానుపట్టీలనన్నిటిని గ్రుచ్చుచు నడుమనొక బోల్టు పోవును. దాని తల ఇరుసుపీఠమునందలి గుంటలో కూర్చుండి ఇరుసును తనచోటు కదలనీయదు. పట్టీలను ఇరుసునకు బిగించి కట్టునవి యూబోల్టులు. కుడిప్రక్క యూబోల్టులు వదులైయుండెను. వదులైనందున భారమంతయు నడిబోల్టుమీద పడి అది తెగినది. ఇరుసు వెనుకకు జారినది. పట్టీక్రింద ఇరుసు రాచుకొన్నచోట త్రుప్పుపోయి ఇనుము వెండివలె మెరయుచుండెను. అంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

"కట్టలు ఎప్పుడైనా విప్పారా?" అని మేస్త్రీ అడిగెను. డ్రైవరు మాటాడలేదు. నేనే చెప్పవలసివచ్చినది. వేసవిలో ఒక కమానుపట్టీ విరిగినప్పుడు, తక్కువకూలి చెప్పినవారిచేత బాగుచేయించితిమి. పాతయూబోల్టులనే మరల వేసిరి. క్రొత్తగా బిగించిన యూబోల్టులను కొన్నివందల కిలోమీటర్లు నడచిన పిదప మరల బిగింపవలెను. పట్టీలు సర్దుకొని వదులగును. డ్రైవరు ఆ పనికి ఒక పూట సెలవడిగెను. అప్పుడు బస్సును ఒక పెండ్లికి అద్దెకిచ్చియుంటిమి. తరువాత చూతమంటిమి. ఆ తరువాత ఎన్నడును రాలేదు. వద్దన్నది నేనే.

మేస్త్రీ నన్నేమియు అనలేదు. క్రొత్తనడిబోల్టు, క్రొత్తయూబోల్టులు వేసి, సరియైన బలముతో బిగించి, మరల కొలిచెను. రెండు ప్రక్కలును సమానమైన పిదపనే ముందుచక్రములను ముట్టుకొనెను. "వెనకది చక్కబెట్టకుండా ముందుది దిద్దితే, వంకర గోడకి సున్నం కొట్టినట్టేనండి" అనెను. మేము పట్టణమున చేసినపని అదియే.

తిరుగుప్రయాణమున, రహదారిపై వాహనములు లేని చోట, డ్రైవరు వేగము తగ్గించి, నావైపు చూచి, స్టీరింగును పట్టిన చేతులను వదులుచేసెను. బస్సు తిన్నగా పోవుచుండెను. "ఆరునెల్లయింది మాస్టారూ, ఈ చెయ్యి ఇట్లా దించి" అని కుడిభుజమును ఎడమచేతితో తడవుకొనెను. ఆ భుజమును గూర్చి అతడు ఎన్నడును మాతో చెప్పియుండలేదు. టైరు అరుగుదలకు మా తీర్మానపుస్తకమున చోటు దొరకినది. భుజపు అరుగుదలకు దొరకలేదు.

సంఘము మరల కూడినప్పుడు, మినహాయించిన రూ. 6,000 తిరిగి యీయవలెననియు, పూర్వతీర్మానము పొరపాటని వ్రాయవలెననియు నేను ప్రతిపాదించితిని. సొమ్ము ఈయుటకు ఎవరును అడ్డుచెప్పలేదు. పొరపాటని వ్రాయుట మాత్రము కొందరికి కష్టమైనది. "డబ్బు ఇచ్చేద్దాం. పుస్తకంలో ఎందుకండీ? డ్రైవరు ముందు సంఘం చులకనవుతుంది" అని ఒక పెద్దమనుష్యుడు అనెను. నేరము ఆరోపించునప్పుడు పుస్తకము కావలెను, నిర్దోషియని చెప్పునప్పుడు గుసగుస చాలునా? గంటసేపు వాదించితిమి. నలుగురు ఒప్పుకొనిరి, ఇద్దరు ఒప్పుకొనలేదు. తీర్మానము నేనే వ్రాసితిని. ఈమారు యూబోల్టుల మాట దాచలేదు.

సొమ్మును నేను డ్రైవరుచేతికిచ్చి, "మీకు అన్యాయం చేశాం" అంటిని. 'మీరు' అనుట అదే మొదటిసారి. అతడు సొమ్ము లెక్కపెట్టుకొని జేబులో వేసికొనెను. "ఈసారి నేను చెప్పినప్పుడు రాసుకోండి మాస్టారూ, చాలు" అనెను. క్షమించితినని అనలేదు, అనవలసిన అవసరమును లేదు.

వృత్తులు చేయువారి మాట వ్రాతకెక్కకపోవుట మనదేశమున మాత్రమే యున్న యాచారము కాదు. మలుపు తిరుగునప్పుడు లోపలిచక్రము ఎక్కువగా, వెలుపలిచక్రము తక్కువగా తిరుగునట్లు చేయు యుక్తిని 1817లో మ్యూనిక్ పట్టణమున బండ్లు చేయు లాంకెన్‌స్పెర్గరను నతడు కనిపెట్టెను. 1818లో అతని పక్షమున ఇంగ్లండున పేటెంటు తీసికొన్నవాడు ఆకర్‌మన్. నేటికిని ప్రపంచమంతటను ఆ పద్ధతికి ఆకర్‌మన్ పేరే చెల్లుచున్నది. చేసినవాడు మరుగుపడెను, కాగితముపై వ్రాయించినవాడు నిలిచెను.

చదువరులారా! ఇది ఒక బస్సు కథ మాత్రమే యైనచో మీ కాలమును తీసికొనకపోవుదును. అత్తమీది కోపము దుత్తమీద చూపుట మన గృహములకు క్రొత్త కాదు. ఎనిమిదవ తరగతిలో ఒక బాలిక మొదటిగంటలోనే కునుకుచుండెడిది. నేను ఆమెను రెండుమారులు నిలువబెట్టితిని. ఆమె అన్న పదవ తరగతి. ఏ పని చెప్పినను చేయని సోమరియని ఉపాధ్యాయులందరి ఫిర్యాదు. చెల్లెలికి ఒక శిక్ష, అన్నకు ఒక శిక్ష. ఇద్దరును వేరువేరు దోషులని మేమనుకొంటిమి. ఆటోనగరునుండి వచ్చిన పిదప ఒకనాడు నేను శిక్షింపక అడిగితిని. తల్లి తెల్లవారకముందే పొలముపనికి పోవును. నీరు తెచ్చుట, వంట, తమ్ముని స్నానము బాలిక వంతు. అన్న ఏడుగంటలదాక నిద్రించును. లేచునప్పటికి అన్నము సిద్ధముగా నుండును. ఒకరు పనిచే అరిగిరి; ఒకరు పనిలేమిచే చెడిరి. రెండుటైర్లును ఒకే అంచున అరిగినవి. ఇరుసు ఇంటిలో నున్నది.

ఆ పిల్లల తండ్రితో మాటలాడితిని. అతడు మొదట, "మగపిల్లాడు నీళ్లు మోస్తాడా అండీ?" అనెను. మూడుమారులు పోయితిని. ఇప్పుడు నీరు అన్న తెచ్చుచున్నాడు. బాలిక కునుకు పూర్తిగా పోలేదు, తగ్గినది. యూబోల్టువలె ఇదియు ఒక్కమారు బిగించిన చాలునది కాదు. కొంతదూరము నడచిన పిదప మరల చూడవలెను.

బస్సు సంగతి చెప్పి ముగించెదను. ఇప్పుడు బస్సులో ఒక పుస్తకము కలదు. డ్రైవరు చెప్పినమాటను ఆ దినమే అందులో వ్రాయవలెను. ఏమి చేసితిమో ఎదుట వ్రాయవలెను. నెలకొకమారు తొమ్మిదవ తరగతి పిల్లలు, బాలికలు బాలురు కూడ, దారమును గుండును తీసికొని డ్రైవరు పర్యవేక్షణమున చక్రముల దూరములను కొలుతురు. టైర్లపై అరచేయి నడిపించి చూతురు. కిందటినెల ఒక బాలిక ఎడమ వెనుకజంటలో లోపలిటైరునకు గాలి తక్కువగా నున్నదని పట్టుకొన్నది. వెలుపలిటైరు చాటున నుండుటచే దానిని మేమెవరమును చూచియుండలేదు. ఆమె చెప్పినది డ్రైవరు పుస్తకమున వ్రాయించెను. ఆ సాయంకాలమే గాలి పట్టించితిమి.